చీరను సిమ్యులేషన్‌లోనే ఉంచాలా, ఫిట్టెడ్‌గా మార్చాలా? (డాజ్ స్టూడియో, జెనెసిస్ 8)

పట్టుఅంచు:
మార్వెలస్ డిజైనర్‌లో (3డి బట్టలు కుట్టే సాఫ్ట్‌వేర్) కట్టిన చీరను డాజ్ స్టూడియోకి (3డి బొమ్మలకి పోజులిచ్చి రెండరు చేసే సాఫ్ట్‌వేర్) తెచ్చాక సిమ్యులేషన్‌లో (గుడ్డ ఎలా పడుతుందో పోజు పోజుకీ లెక్కగట్టడం) ఉంచాలా, ఫిట్టెడ్ చేయాలా అన్నది ఇక్కడ ఎన్నాళ్లయినా తెగని పంచాయితీ. ఈసారి ఒక్క చీరనే పట్టుకుని మాట్లాడుకుందాం. పొడవు 5.5 మీటర్లు, పన్నా 1.15 మీటర్లు, బొడ్డు దగ్గర దోపిన ఆరు కుచ్చిళ్లు, ఎడమ భుజం మీదుగా వెనక్కి వదిలిన కొంగు. ఫిగర్ జెనెసిస్ 8 ఫీమేల్ (డాజ్ వాళ్ల ఆడ బొమ్మ). దాని మామూలు ఏ-పోజ్‌లోనే (నిలబడి చేతులు ఏటవాలుగా కిందికి చాపిన పోజు) కట్టింది. జాకెట్టు, లోపావడా విడి మెష్‌లు (బిందువులు కలిపి అల్లిన 3డి వలలు). వాటిని ఫిట్టెడ్ చేయాలన్న విషయంలో ఎవరికీ పేచీ ఉండదు, ఒంటికి అతుక్కునే బట్టకి సిమ్యులేషన్ దండగ.

చీర సంగతి వేరు. ఫిట్టెడ్ అంటే ప్రతి వెర్టెక్స్‌నీ (మెష్ బిందువునీ) ఫిగర్ లోపలి ఈ ఎముకకి ఇంత, ఆ ఎముకకి ఇంత అని పంచిపెట్టడం. ఎముక తిరిగితే వెర్టెక్స్ తిరుగుతుంది, అంతే. గుడ్డ పొడవెంతో ఆ లెక్కలో ఎక్కడా ఉండదు. తొడ 90 డిగ్రీలు వంగితే వెనక పిరుదుల మీద మెష్ సాగుతుంది, ముందు గజ్జల దగ్గర నలిగి ఒకదాంట్లోకి ఒకటి దూరుతుంది. సాదా రంగు చీరైతే కంటికి ఆనదు. పోచంపల్లి ఇక్కత్ టెక్స్చర్ వేసి కూర్చోబెట్టండి, పిరుదుల మీద గళ్లు పొడుగ్గా సాగిపోయి కనిపిస్తాయి. నేసిన గుడ్డ అలా సాగదు, జరుగుతుంది. సిమ్యులేషన్‌లో స్ట్రెచ్ స్టిఫ్‌నెస్ (సాగకుండా పట్టే బిగువు) చేసే పని అదే. అందుకే చీర డాజ్ సిమ్యులేషన్ ఇంజన్ డిఫోర్స్‌లోనే ఉండాలంటాను.

బోన్‌సెటప్:
పట్టుఅంచు గారూ, ఇక్కత్ మాట నిజమే. కానీ ఆ చీరని వాడేవాళ్ల వైపు నుంచి కూడా చూడండి.

చీర వైశాల్యం సుమారు 6.3 చదరపు మీటర్లు. పార్టికల్ డిస్టెన్స్ (మెష్ బిందువుల మధ్య దూరం) 20 మి.మీ. పెడితే దాదాపు 36 వేల త్రిభుజాలు, 10కి దించితే లక్షా నలభై అయిదు వేలు, 5కి దించితే అయిదు లక్షల ఎనభై వేలు. 20లో కుచ్చిలి మడత గుండ్రంగా తిరగదు, పలకలుగా విరిగినట్టు కనిపిస్తుంది. 10లో అందం వస్తుంది గానీ, అంత మెష్‌ని సెల్ఫ్ కొలైడ్ (బట్ట పొరల మధ్య తగులుడు చూడటం) ఆన్ చేసి ప్రతి పోజుకీ సిమ్యులేట్ చేయాలంటే మామూలు గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లు కాసుకుని కూర్చోవాలి. పైగా నడుము మీద చెయ్యి పెట్టిన పోజు వేశారంటే చేతికీ ఒంటికీ మధ్య బట్ట ఇరుక్కుంటుంది. రెండు వైపుల నుంచీ తోస్తే దానికి దారుండదు, మెష్ పేలిపోతుంది. పాత్ర ఒళ్లో బిడ్డ ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

ఫిట్టెడ్ అయితే పోజు వేసిన క్షణంలోనే చీర వెంట వస్తుంది. నేను పాటించే వరుస చెబుతాను. మార్వెలస్‌లో మెష్‌ని క్వాడ్‌గా (నాలుగు మూలల గళ్లుగా) మార్చి 15 మి.మీ. ఉంచితే 28 వేల పాలిగాన్ల దగ్గర ఆగుతుంది, సబ్‌డివిజన్ (ప్రతి గడినీ నాలుగుగా చీల్చడం) ఒక మెట్టు వేస్తే రెండరులో సరిపోతుంది. ఎగుమతి థిన్ (మందం లేకుండా), వెల్డ్ (కుట్లు కలిపేసి) చేసి. యూనిట్ సెంటీమీటరు, ఎందుకంటే డాజ్‌లో 1 యూనిట్ అంటే 1 సెం.మీ. మిల్లీమీటర్లలో వదిలేస్తే పదింతల చీర దిగుతుంది. ఆ తర్వాత ఫిగర్ పోజూ ఆకారమూ రెండూ సున్నాకి తెచ్చి, ఫిగర్ ఎముకల్ని బట్టకి అంటించే ట్రాన్స్‌ఫర్ యుటిలిటీ తెరవాలి. సోర్స్ జెనెసిస్ 8 ఫీమేల్, టార్గెట్ చీర. ప్రొజెక్షన్ టెంప్లేట్ దగ్గర ఖాళీ వదలకండి, స్కర్టు లేదా డ్రెస్ తరహాది ఎంచుకోండి. లేకపోతే రెండు కాళ్ల మధ్య గుడ్డ ప్యాంటులా చీలి లోపలికి లాక్కుంటుంది.

వెర్టెక్స్‌వాణి:
బోన్‌సెటప్ గారు చెప్పిన వరుస గౌనుకి సరిపోతుంది. చీరకి అక్కడితో ఆగితే కుచ్చిళ్లు కోతపడతాయి.

కారణం ఏమిటంటే ట్రాన్స్‌ఫర్ యుటిలిటీ ప్రతి వెర్టెక్స్‌కీ దగ్గర్లో ఉన్న ఉపరితలం నుంచి వెయిట్లు (ఏ ఎముకకి ఎంత అన్న పాళ్లు) తెచ్చి పెడుతుంది. ఆరు కుచ్చిళ్లంటే ముందుకీ వెనక్కీ కలిపి పన్నెండు పొరలు, అన్నీ బొడ్డు కింద నడిమధ్య గీతకి అటూ ఇటూ. మూడో పొరకి ఎడమ తొడ దగ్గరైంది, దాన్ని ఆనుకున్న నాలుగో పొరకి కుడి తొడ దగ్గరైంది. కుడి కాలు ఒక్క అడుగు ముందుకేస్తే నాలుగోది మూడోదాన్ని చీల్చుకుని బయటికొస్తుంది. స్మూతింగ్ మాడిఫయర్ ఇక్కడ పనికిరాదు. అది బట్టకీ ఒంటికీ మధ్య తగులుడు చూస్తుంది, బట్టలో ఒక పొరకీ ఇంకో పొరకీ మధ్య చూడదు.

మందు వెయిట్లలోనే ఉంది. వెయిట్లు పూసే నోడ్ వెయిట్ మ్యాప్ బ్రష్‌తో కుచ్చిళ్ల పొరలన్నిటికీ ఒకే ఎత్తులో ఒకే వెయిట్ ఉండేలా చేయాలి. బొడ్డు దగ్గర దోపు మొత్తం పెల్విస్‌కి (కటి ఎముకకి). అక్కడి నుంచి మోకాలి దాకా ఎడమ, కుడి థైబెండ్‌లకి (తొడ ఎముకలకి) సమానంగా నెమ్మదిగా పెరగాలి, మోకాలి కింద షిన్ (ముంగాలి ఎముక) వెయిట్ పూర్తిగా తీసేయాలి. షిన్ వెయిట్ ఉంచితే మోకాలు మడిచినప్పుడు కుచ్చిళ్ల కొసలు కాలి వెంట వెనక్కి మడుచుకుంటాయి. నిజం చీరలో కుచ్చిళ్లు నిట్టనిలువుగా వేలాడతాయి. ఇంకా బాగుండాలంటే జాయింట్ ఎడిటర్‌తో పెల్విస్ కింద కుచ్చిళ్ల కోసమే మూడు చిన్న ఎముకల గొలుసు పెట్టి, పొరలన్నిటినీ దానికే కట్టేయండి. వాడేవాళ్లు చేత్తో జరుపుకుంటారు.

కొంగు దగ్గర ఇంకో చిక్కు. భుజం మీద నుంచి వీపుకి దిగే భాగానికి యుటిలిటీ ఎడమ చేతి షోల్డర్‌బెండ్ (భుజం ఎముక) వెయిట్ కొంత ఇచ్చేస్తుంది. చెయ్యి పైకెత్తితే కొంగు మొత్తం రెక్కలా లేస్తుంది. ఆ వెయిట్ తీసేసి చెస్ట్‌అప్పర్‌కి (పై ఛాతీ ఎముకకి) ఇవ్వండి. పిన్ను పెట్టే చోట మాత్రం కాలర్ ఎముకకి కాస్త మిగల్చండి.

పట్టుఅంచు:
వాణి గారి వెయిట్లతో నిలబడ్డ చీర నిలుస్తుంది, నడక కూడా బండి లాగుతుంది. కూర్చోబెడితే? ఏ-పోజ్‌లో పడ్డ మడతలు మెష్‌లో గడ్డకట్టి ఉంటాయి. నిలబడ్డప్పటి నిలువు మడతలే కూర్చున్న ఒడిలోనూ ఉంటాయి. ఒడిలో గుడ్డ బిగుసుకుని, మోకాళ్ల మీద నుంచి జారి, కుచ్చిళ్లు కాళ్ల మధ్య పోగుపడాలి. వెయిట్లు ఎంత దిద్దినా ఆ ఆకారం పుట్టదు.

బోన్‌సెటప్:
పుడుతుంది, మార్ఫ్ (అదే మెష్‌కి దాచిపెట్టుకునే ఇంకో ఆకారం) చేస్తే. కూర్చున్న పోజులో ఫిగర్‌ని ఓబీజే ఫైలుగా ఎగుమతి చేసి, మార్వెలస్‌లో మొదటి ఏ-పోజ్ అవతార్ మీద దాన్ని మార్ఫ్ టార్గెట్‌గా 30 ఫ్రేముల్లో ఎక్కించండి. చీర దానంతట అదే కూర్చుంటుంది. సెటిల్ అయ్యాక ఎగుమతి. డాజ్‌లో ఫిగర్ సరిగ్గా అదే పోజులో, చీర ఫిట్ అయ్యి ఉండగా మార్ఫ్ లోడర్ ప్రోలో రివర్స్ డిఫార్మేషన్స్‌కి ‘ఎస్’ పెట్టి లోడ్ చేయండి. ఎముకలు చేసిన వంపుని అదే తీసేసి, మిగిలిన తేడాని మార్ఫ్‌గా దాస్తుంది. తర్వాత ఈఆర్‌సీ ఫ్రీజ్‌తో (ఒక విలువ మారితే ఇంకోటి మారేలా ముడివేసే సాధనం) తొడ వంపుకి కట్టేయడమే. జెనెసిస్ 8లో ముందుకి వంగడం మైనస్ వైపు, అంటే మైనస్ 90 దగ్గర మార్ఫ్ 100 శాతం. రెండు తొడలూ వంగితేనే రావాలి, ఒక్క కాలు ఎత్తితే రాకూడదు. ఆ జాగ్రత్త మరిచి ఒక్క తొడకే కట్టేస్తే మెట్టెక్కే పోజులో కూడా ఒడి మడతలు వచ్చేస్తాయి.

కొత్తనేత:
అడ్డు వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. అదే వరుస చేస్తే మార్ఫ్ లోడర్ జ్యామెట్రీ సరిపోలడం లేదంటోంది. చీర ఒకటే, మార్చింది పోజు మాత్రమే.

వెర్టెక్స్‌వాణి:
వెర్టెక్స్‌ల సంఖ్యా, వరుసా రెండూ అచ్చంగా ఒకటే ఉండాలండీ. మొదటి ఎగుమతి తర్వాత మార్వెలస్‌లో పార్టికల్ డిస్టెన్స్ మార్చినా, క్వాడ్ చేసినా, కుట్టు జరిపినా వరుస పోయినట్టే. ఎగుమతిలో వెల్డ్ ఒకసారి పెట్టి ఇంకోసారి వదిలినా అంతే. డాజ్ నుంచి బయటికి పంపి తిరిగి తెస్తుంటే చీర రిజొల్యూషన్ లెవెల్ ‘బేస్’లో ఉందో లేదో చూడండి, సబ్‌డివిజన్ ఒక మెట్టు ఉంటే పాలిగాన్లు నాలుగింతలవుతాయి. స్మూతింగ్ కూడా ఆపేసి పంపండి. అది ఎర్రర్ ఇవ్వదు, కానీ తోసిన తోపు మార్ఫ్‌లో కలిసిపోయి తర్వాత రెండోసారి తోస్తుంది.

నేతపోగు:
మీ ఇద్దరి వాదనా చీర అంతటికీ ఒకటే పద్ధతి అనుకుని సాగుతోంది. ఫిట్టెడ్ చేశాక కూడా డిఫోర్స్ డైనమిక్ సర్ఫేస్ మాడిఫయర్ పెట్టుకోవచ్చు. దానికి వెయిట్ నోడ్ జతచేసి ఇన్‌ఫ్లుయెన్స్ మ్యాప్ వేయండి. 0 ఉన్నచోట చీర ఎముకల మాటే వింటుంది, 1 ఉన్నచోట పూర్తి సిమ్యులేషన్. నడుము చుట్టూ, దోపు, భుజం పిన్ను దగ్గర 0. దోపు కింద 8 సెం.మీ. మేర 0 నుంచి 1కి నెమ్మదిగా ఎక్కించాలి. ఒక్క వరుసలో తేడా పెట్టారా, అక్కడ మడత గీత పడుతుంది. వెనక కొంగు మొత్తం 1.

రెండు జాగ్రత్తలు. మొదటిది, పోజు వేసిన చీర మీద నేరుగా సిమ్యులేషన్ మొదలుపెట్టకండి. అప్పటికే పొరలు ఒకదాంట్లో ఒకటి దిగి ఉంటే డిఫోర్స్ వాటిని విడదీయలేదు. ‘స్టార్ట్ బోన్స్ ఫ్రమ్ మెమరైజ్డ్ పోజ్’ ఆన్ చేసి, ఫిగర్‌కి మెమరైజ్ అయ్యింది ఏ-పోజేనని సరిచూసుకోండి. దారిలో చెయ్యి ఒంటిలోంచి దూరి వెళ్లే పోజైతే టైమ్‌లైన్ మీద మధ్యలో ఒక కీ (ఆ ఫ్రేముకి పోజు గుర్తు) వేసి చేతిని చుట్టూ తిప్పి తీసుకురండి.

రెండోది పొరల మధ్య ఖాళీ. డిఫోర్స్ కొలిషన్ ఆఫ్‌సెట్ (తగులుడు దగ్గర బట్ట వదిలే ఎడం) మామూలుగా 0.2, అంటే 2 మి.మీ. మార్వెలస్‌లో అడిషనల్ థిక్‌నెస్ 2.5 మి.మీ. డీఫాల్ట్ ఉంచితే కుచ్చిలి పొరల మధ్య దూరం చాలినంత ఉంటుంది. పల్చగా కనిపించాలని దాన్ని 1కి దించి కట్టారనుకోండి, పొరల మధ్య ఆఫ్‌సెట్‌కి సరిపడా చోటు మిగలదు. మొదటి ఫ్రేములోనే కుచ్చిళ్లు పువ్వులా విచ్చుకుంటాయి. ఆఫ్‌సెట్ తగ్గించడం కన్నా తిరిగి కట్టుకోవడం మేలు. జరీ అంచుకి మార్వెలస్‌లోనే విడి మెటీరియల్ ఇవ్వండి. డిఫోర్స్ సెట్టింగులు సర్ఫేస్‌ని బట్టే ఉంటాయి కాబట్టి అంచుకి బెండ్ స్టిఫ్‌నెస్ (వంగకుండా పట్టే బిగువు) పెంచుకోవచ్చు. గద్వాల చీరలో నూలు ఒడలికీ పట్టు అంచుకీ ఉండే తేడా ఇంకెలాగూ రాదు.

బోన్‌సెటప్:
ఇది బాగుంది గానీ దీన్ని మొదటి మెట్టుగా అమ్మకండి. సిమ్యులేషన్ అసలు నొక్కని వాళ్లకి కూడా చీర సరిగ్గా నిలవాలి, అంటే వాణి గారు చెప్పిన వెయిట్లు ఎలాగూ దిద్దాలి, కూర్చునే మార్ఫ్ ఎలాగూ కావాలి. ఒళ్లున్న ఫిగర్లకీ చూసుకోవాలి. ఆటో-ఫాలో ఆకారాన్ని అలాగే బట్ట మీదికి దింపుతుంది, రెండు రొమ్ముల మధ్య పైట వంతెనలా నిలవాల్సింది లోపలికి అతుక్కుంటుంది. ఫిగర్‌కి ఆ ఆకారం ఇచ్చే మార్ఫ్ లోపలి పేరేదో అదే పేరుతో చీరకి సొంత మార్ఫ్ చెక్కి పెడితే ఆటో-ఫాలో ముట్టుకోదు. పొట్ట ఉన్న ఆకారానికి కుచ్చిళ్ల పొరలన్నీ సమానంగా ముందుకి జరగాలి, అదీ చేత్తో చేయాల్సిందే.

పట్టుఅంచు:
ఆ పనులన్నీ చేశాక కూడా ఇక్కత్, గళ్ల మంగళగిరి లాంటి చీరల్ని ఫిట్టెడ్ ఒక్కదాంతో వదలడానికి నేను ఒప్పుకోను. నేతపోగు గారి పద్ధతికి నా వైపు నుంచి ఒక కొలబద్ద: చీరకి 2 సెం.మీ. గళ్ల చెకర్ టెక్స్చర్ వేసి నడక, మెట్టు, కుర్చీ, బాసింపట్టు నాలుగు పోజుల్లో వెనక నుంచీ పక్క నుంచీ చూడండి. గడి 2.2 సెం.మీ. దాటి సాగిన ప్రతిచోటా ఇన్‌ఫ్లుయెన్స్ మ్యాప్ వేయండి, బాసింపట్టులో పిరుదుల దగ్గర నుంచి మొదలుపెట్టండి.