మొదటి టాయ్ కెమెరాగా ఏది తీసుకోవాలి: హోల్గా 120ఎన్, కొడాక్ ఎక్టార్ హెచ్35?

వెన్నెలదారి:
నమస్కారం. ఇంతవరకు ఫోనుతోనే ఫొటోలు తీశాను. వెలుతురును ఎంతసేపు రానివ్వాలో చూసే షట్టర్, వెలుతురు వచ్చే రంధ్రమైన అపర్చర్ అనే మాటలు చదివి తెలుసుకున్నవే గాని చేతితో మార్చి చూసినవి కావు. ఇప్పుడు ఫిల్ము మీద తీయాలన్న కోరిక పుట్టి, పాతకాలపు తీరులో ఉండే, టాయ్ కెమెరా అని పిలిచే ప్లాస్టిక్ కెమెరా కోసం వెతుకుతూ పై రెండింటి దగ్గర ఆగిపోయాను. హోల్గా ఫొటోల్లో అంచులు నల్లబడి, మధ్యలో మనిషి ముఖం మాత్రమే తేటగా కనబడే తీరు నాకు ఎంతో నచ్చింది. అయితే నేను ఎక్కువగా తీసేది సాయంత్రం పూట, ఇంట్లో మనుషులను. నా అవసరానికి ఏది తగినదో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

చీకటిగది:
మీ ప్రశ్నకు జవాబు మీ మాటల్లోనే ఉందండి. సాయంత్రం, ఇంట్లో అన్నారు కనుక కెమెరా రూపం కంటే ముందు వెలుతురు లెక్క చూసుకోవాలి. హెచ్35లో అపర్చర్ ఎఫ్/9.5, షట్టర్ వేగం సెకనులో 100వ వంతు, రెండింటినీ మార్చే వీలు లేదు. హోల్గా షట్టర్ కూడా దాదాపు అంతే. ఇవి ఎండ కోసం కట్టిన లెక్కలు. మామూలు దీపపు వెలుగున్న గదిలో ఐఎస్ఓ 400 (వెలుతురును పట్టే వేగం) ఫిల్ము వేసినా సుమారు ఐదు స్టాపులు తక్కువ పడుతుంది (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది), అంటే కావలసిన వెలుతురులో ముప్పై రెండో వంతే ఫిల్మును చేరుతుంది. నెగెటివ్ దాదాపు ఖాళీగా వస్తుంది. కాబట్టి మీకు ఫ్లాష్ తప్పనిసరి. హెచ్35కు అది ఒంట్లోనే ఉంది. 120ఎన్‌కు పైన ఫ్లాష్ తగిలించే హాట్ షూ మాత్రమే ఉంటుంది కనుక ఫ్లాష్ విడిగా కొనాలి.

మరొక సంగతి. హెచ్35 ఒక ఫొటో చోటులో రెండు తీసే హాఫ్ ఫ్రేమ్ కెమెరా కావడం వల్ల 36 ఫొటోల రీలు మీద 72 వస్తాయి, హోల్గాలో చదరపు ఫొటోలైతే రీలుకు 12 మాత్రమే. నేర్చుకునే దశలో 72 మేలే, కాని అది పూర్తి కావడానికి ఓపిక కావాలి. నా మొదటి హాఫ్ ఫ్రేమ్ రీలు నాలుగు నెలలు కెమెరాలోనే ఉండిపోయింది. కడిగించి తెచ్చుకున్నాక ఏ ఫొటో ఏ వెలుతురులో తీశానో గుర్తులేక, తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోలేకపోయాను.

పాతరీలు:
చీకటిగది గారి లెక్కతో నాకు పేచీ లేదు. కాని మీరు కోరుకున్న ఆ నల్లని అంచులు హెచ్35లో రావన్నది కూడా చెప్పాలి కదా. హోల్గా 1982 ప్రాంతంలో హాంకాంగ్‌లో సామాన్యుల కోసం చవకగా తయారైన కెమెరా, దాని లోపాలను కళగా చూడటం తరువాత వచ్చిన సంగతి. ఆ లోపాలతో సర్దుకుపోవడానికి మాత్రం కొంత అలవాటు కావాలి.

ఇందులో దృశ్యాన్ని చూసే వ్యూఫైండర్ లెన్సుకు పైన విడిగా ఉంటుంది, అందువల్ల లెన్సు మూత తీయకపోయినా దృశ్యం చక్కగా కనబడుతుంది. నా మొదటి రీలులో పన్నెండుకు ఐదు ఫొటోలు అలా మూత లోపలి చీకటికే తీశాను. వెనక ఫొటో సంఖ్య కనబడే ఎర్రని కిటికీ పక్కన బాణం 12 (చదరపు ఫొటోలు) మీద ఉందో 16 (చిన్న ఫొటోలు) మీద ఉందో చూడండి. చదరపు మాస్క్ (ఫొటో ఆకారాన్ని నిర్ణయించే చట్రం) వేసి బాణాన్ని 16 దగ్గర వదిలేస్తే ఫొటోలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. కింద ఉన్న చిన్న మీట ‘బి’ వైపు జరిగితే, బటన్ నొక్కినంతసేపూ షట్టర్ తెరిచే ఉండి అంతా చెదిరిపోతుంది. వెనక తలుపును పట్టే పక్క క్లిప్పులు సంచిలో రాసుకుని ఊడిపోతాయి కాబట్టి వాటి మీద నల్లటేపు వేయండి. రీలు తిప్పకుండానే మళ్లీ నొక్కనిస్తుంది కనుక ఒకదాని మీద ఒకటి పడే డబుల్ ఎక్స్‌పోజర్ కావాలన్నా వస్తుంది, వద్దన్నా వస్తుంది.

ఎర్రదీపం:
ఒక చిన్న చేర్పు. పాత హోల్గాల్లో ఎండ, మబ్బు బొమ్మలున్న మీటను ఎటు జరిపినా అపర్చర్ మారదు, సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు దాన్ని నమ్ముకోకూడదు. ఏ కెమెరా తీసుకున్నా కలర్ నెగెటివ్ ఫిల్మే వేయండి. రెండు స్టాపులు ఎక్కువ వెలుతురు పడినా అది సర్దుకుంటుంది, నేరుగా రంగు బొమ్మనిచ్చే స్లయిడ్ ఫిల్ము ఆ మాత్రం పొరపాటును కూడా క్షమించదు. అన్నింటికంటే ముందు, మీరు రీలు ఇవ్వబోయే ల్యాబ్‌లో 120 ఫిల్ము (హోల్గాలో వేసే వెడల్పు రీలు) కడుగుతారో లేదో అడగండి. హెచ్35లో వేసే 35 ఎం.ఎం. మాత్రమే కడిగేవారే ఎక్కువ.

వెన్నెలదారి:
అందరికీ ధన్యవాదాలు. ల్యాబ్‌ను అడిగాను. వారు 120 రీలును వేరే చోటికి పంపిస్తారట, తిరిగి రావడానికి మూడు వారాలు పడుతుందట. చేసిన తప్పు తెలియడానికి అంతకాలం ఆగలేను కనుక ముందు హెచ్35 తీసుకుంటున్నాను. మనిషికి ఎంత దూరంలో నిలబడి ఫ్లాష్ వేయాలి?

చీకటిగది:
ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల మధ్య నిలబడండి. మీటరు కంటే దగ్గరికి వెళితే ముఖం మసకబారుతుంది, ఎందుకంటే దాని ఫోకస్ మారదు. మనిషిని గోడకు ఆనించి నిలబెట్టకుండా ఒక అడుగు ముందుకు రమ్మంటే వెనక నీడ అంత గట్టిగా పడదు. ఒకసారి ఫ్లాష్ వెలిగాక మళ్లీ ఛార్జి కావడానికి కొన్ని సెకన్లు ఆగండి.