బేరింగ్ ఛాంబర్ గోడ మీద ఆయిల్ ఫిల్మ్ ఒక పక్కే మందంగా వస్తోంది, మెష్ తప్పా?

నీలిమంట_ఎంటెక్:
అందరికీ నమస్తే. ఎంటెక్ ప్రాజెక్టుకి జెట్ ఇంజిన్ బేరింగ్ ఛాంబర్ (షాఫ్ట్‌ని మోసే బేరింగ్ చుట్టూ ఉండే గది) సిమ్యులేషన్ చేస్తున్నా. బేరింగ్ నుంచి చిమ్మిన ఆయిల్ చుక్కలు బయటి గోడకి తగిలి పలచటి పొరలా పారుతూ అడుగున ఉన్న స్కావెంజ్ రంధ్రం (వాడిన ఆయిల్‌ని బయటికి లాగేది) దాకా చేరాలి, పైగా సీల్స్‌లోంచి లోపలికొచ్చే గాలి షాఫ్ట్‌తో పాటు తిరుగుతూ ఆ పొరని లాక్కుపోతుంటుంది. వీఓఎఫ్‌లో (గాలికీ ఆయిల్‌కీ మధ్య హద్దుని లెక్కగట్టే పద్ధతి) రన్ చేస్తే గాలి పైకెక్కే వైపు ఫిల్మ్, అంటే ఆ ఆయిల్ పొర, మందంగా, దిగే వైపు పలచగా వస్తోంది. జామెట్రీ రెండు వైపులా ఒకటే కదా? ఇంకోటి, గోడ మొత్తానికి ఒకే హీట్ ట్రాన్స్‌ఫర్ కోఎఫిషియంట్ (గోడ నుంచి ఆయిల్‌కి వేడి ఎంత సులువుగా వెళ్తుందో చెప్పే సంఖ్య) వేసుకోమని సీనియర్ చెప్పాడు, నాకేమో కోణం మారితే వాల్యూ మారిపోతోంది. నెల రోజులుగా మెష్ (లెక్క కోసం ఛాంబర్‌ని విడగొట్టే చిన్న గడులు) మారుస్తూనే ఉన్నా, ప్లీజ్ ఎవరైనా చెప్పండి.

పలచటిపొర:
తమ్ముడూ, ఆ తేడా రావాల్సిందే, రాకపోతే అప్పుడు మెష్‌ని అనుమానించు. జామెట్రీ ఒకటే గానీ గ్రావిటీ ఒకటి కాదుగా, దిగే వైపు గాలీ గ్రావిటీ కలిసి లాగుతాయి, ఎక్కే వైపు ఒకదానికొకటి ఎదురు. చేత్తో లెక్కేసి చూడు. ఇంజిన్ ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల దగ్గర 5 సెంటీస్టోక్స్, డెన్సిటీ క్యూబిక్ మీటరుకి సుమారు 930 కిలోలు అనుకో. నిలువు గోడ మీద 1 మిల్లీమీటరు ఫిల్మ్ కిందికి జారకుండా నికరంగా నిలబడాలంటే గాలి షియర్ (పొర మీద రాసుకుంటూ లాగే బలం, చదరపు మీటరుకి ఎంతో) దాదాపు 6 పాస్కల్ కావాలి. గాలి లాగే ప్రవాహం మందం స్క్వేర్‌తో పెరిగితే గ్రావిటీ తోసేది క్యూబ్‌తో పెరుగుతుంది, అందుకే ఒక మందం దాటాక ఎంత ఆయిల్ పోసినా పైకెక్కదు, వెనక్కే జారుతుంది. షాఫ్ట్ స్పీడ్ తక్కువైతే అడుగున గుంటలా నిలవడం, స్పీడ్ పెరిగితే చుట్టూ తిరిగేయడం అందుకే. జర్మనీలో కార్ల్స్‌రూహె యూనివర్సిటీ వాళ్లు 1990లలోనే టెస్ట్ రిగ్ కట్టి ఈ ఫిల్మ్‌ని కొలిచారు, ఆ పేపర్లు వెతికి చదువు.

వేడిగాలి:
పైన చెప్పింది కరెక్టే, కానీ హీట్ దగ్గర ఇంకో మెలిక ఉంది. పలచగా ఉంటే చల్లబరచడం బాగుంటుందని అందరూ అనుకుంటారు, మందాన్ని కండక్టివిటీతో భాగించి లెక్కేసేస్తారు. ఈ ఆయిల్ ప్రాండ్టిల్ నంబర్ (వేగం తేడా పాకే తీరుకీ వేడి పాకే తీరుకీ నిష్పత్తి) ఆ టెంపరేచర్‌లో 60 పైనే ఉంటుంది, అంటే వేడి గోడ నుంచి ఫిల్మ్ పైదాకా ఎక్కేలోపు ఆయిల్ చాలా దూరం పారిపోతుంది. కాబట్టి కొత్త చుక్కలు ఎక్కడ పడుతున్నాయి, ఫిల్మ్ ఎంత వేగంగా మారుతోంది అన్నది మందం కన్నా ముఖ్యం. ఒకే కోఎఫిషియంట్ వేయడం నాకు అస్సలు నచ్చదు, సగటు సరిపోయినా వేడెక్కే చోటుని అది దాచేస్తుంది. ఇంకో మాట, ఇంటర్‌ఫేస్ (గాలీ ఆయిలూ కలిసే హద్దు) దగ్గర టర్బులెన్స్ డ్యాంపింగ్, అంటే అక్కడ సుడుల్ని తగ్గించే సెట్టింగ్, పెట్టావా? పెట్టకపోతే గాలికీ ఆయిల్‌కీ ఉన్న వేగం తేడాకి లేని టర్బులెన్స్ పుట్టి ఫిల్మ్‌లోకి దిగుతుంది, హీట్ ట్రాన్స్‌ఫర్ ఎక్కువగా చూపిస్తుంది.

షాప్_ఫ్లోర్:
నేను ఓవర్‌హాల్ షాప్‌లో పని చేస్తా, ఈక్వేషన్లు నాకు రావు, చూసింది చెప్తా. ఇంజిన్ విప్పితే ఆయిల్ బాగా పారిన గోడ శుభ్రంగా ఉంటుంది, మిస్ట్ (ఆయిల్ తుంపర) మాత్రమే తగిలిన వేడి చోట్లలో, గాలి బయటికెళ్లే వెంట్ పైపుల్లో నల్లటి కోక్ (కాలిన ఆయిల్ మిగిల్చే మసి) గట్టిగా పట్టేసి ఉంటుంది, గీకినా ఊడదు. పొర తెగితే అక్కడున్న కాస్త ఆయిల్ కదలకుండా కాలిపోతుంది. ఛాంబర్ బయట ఎంత వేడి ఉంటుందో తెలియాలంటే 2010 నవంబర్ 4 నాటి క్వాంటాస్ 32 విమానం ప్రమాద రిపోర్ట్ చదువు బాబూ, దాని ట్రెంట్ 900 ఇంజిన్‌లో బేరింగ్‌కి ఆయిల్ తీసుకెళ్లే చిన్న పైపు ఫెటీగ్‌తో పగిలి, కారిన ఆయిల్ ఆ వేడికే అంటుకుని, టర్బైన్ డిస్క్ ఊడి ముక్కలైంది. అది పైపు తప్పు, ఫిల్మ్‌ది కాదు, కానీ గోడ అవతల ఉన్నది ఆ వేడే. ఫిల్మ్ సగటు మందం ఎవరికి కావాలి, ఎక్కడ తెగుతుందో ఆ మ్యాప్ తీయి.

నీలిమంట_ఎంటెక్:
అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. డ్యాంపింగ్ నిజంగానే ఆఫ్‌లో ఉంది, ఆన్ చేసి మళ్లీ రన్ పెట్టా. షియర్ ఎక్కే వైపు 6 కి దగ్గర్లోనే ఉంది, ఫిల్మ్ అక్కడ ఎందుకు తచ్చాడుతోందో ఇప్పుడు అర్థమైంది. షాప్ అన్నా, వెంట్ రంధ్రం చుట్టూ నా రన్‌లో కూడా ఫిల్మ్ తెగుతోంది, ఇన్నాళ్లూ మెష్ ఎర్రర్ అనుకుని ఆ భాగాన్ని ప్లాట్‌లోంచి తీసేస్తున్నా, రేపు దాన్నే మొదటి ఫిగర్‌గా పెడతా.