రోమ్ మార్చేముందు పూర్తి బ్యాకప్ ఎలా? రూట్ ఉంది, స్టోరేజ్ నిండిపోయింది

నీలికలువ:
128 జీబీ ఫోన్, ఆండ్రాయిడ్ 13 స్టాక్ రోమ్ (కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్), మ్యాజిస్క్ అనే టూల్‌తో రూట్ అయి ఉంది (సిస్టమ్ మీద పూర్తి అధికారం ఉంది), టీడబ్ల్యూఆర్‌పీ (బ్యాకప్, ఫ్లాషింగ్ చేసే రికవరీ) కూడా ఉంది. కస్టమ్ రోమ్‌కి (బయటివాళ్లు తయారుచేసిన ఆండ్రాయిడ్) మారదామనుకుంటున్నాను. టీడబ్ల్యూఆర్‌పీలో డేటాకి టిక్ పెట్టి బ్యాకప్ తీస్తే 21 జీబీ వచ్చింది. ఫొటోలు, వీడియోలే 50 జీబీ దాకా ఉన్నాయి, మరి 21కే ఎలా సరిపోయింది? ఆ బ్యాకప్ ఫోన్‌లోనే ఉంది, ఇప్పుడు ఖాళీ 5 జీబీకి పడిపోయింది. సెట్టింగ్స్‌లో చూస్తే ఒక్క "సిస్టమ్" కిందే 26 జీబీ చూపిస్తోంది.

అడగాలనుకున్నవి ఇవి. ఈ బ్యాకప్‌ని నమ్ముకుని రోమ్ మార్చేయొచ్చా? యాప్ డేటా ఫోల్డర్లను రూట్ ఎక్స్‌ప్లోరర్‌తో కాపీ చేసి పెట్టుకుంటే సరిపోదా? (ఒక యాప్‌కి అలా చేసి, మళ్లీ ఇన్‌స్టాల్ చేశాక తిరిగి పెడితే, తెరిచిన వెంటనే మూసుకుపోతోంది.) కంపెనీ ఇచ్చిన సిస్టమ్ యాప్స్ తీసేస్తే జాగా వస్తుందా?

వెన్నెలదారి:
ముందు ఆ 21 జీబీ సంగతి. టీడబ్ల్యూఆర్‌పీలో "డేటా" అంటే /డేటా పార్టిషన్ (స్టోరేజ్‌లో ఒక విభాగం) మొత్తం కాదండీ. అందులోని /డేటా/మీడియాని అది కావాలనే వదిలేస్తుంది. మీరు ఇంటర్నల్ స్టోరేజ్ అనుకునేది, అంటే ఫొటోలు, డౌన్‌లోడ్లు, వాట్సాప్ మీడియా, అంతా /డేటా/మీడియా/0 లోనే ఉంటుంది. కాబట్టి ఫొటోలు ఆ బ్యాకప్‌లో లేవు. పైగా ఆ బ్యాకప్ ఫోల్డర్ కూడా /డేటా/మీడియా/0 లోనే కూర్చుంది. స్టాక్ నుంచి కస్టమ్ రోమ్‌కి వెళ్లేటప్పుడు ఎన్‌క్రిప్షన్ కారణంగా దాదాపు తప్పకుండా "ఫార్మాట్ డేటా" చేయాల్సి వస్తుంది (ఇంగ్లిష్‌లో yes అని టైప్ చేయమని అడిగేది అదే). అది నొక్కగానే ఫొటోలూ పోతాయి, బ్యాకప్పూ పోతుంది. రోమ్ మాట పక్కన పెట్టి, ఆ ఫోల్డర్‌ని ఇవాళే కంప్యూటర్‌కి ఎక్కించండి. టీడబ్ల్యూఆర్‌పీ పెద్ద ఆర్కైవ్‌ను 1.5 జీబీ ముక్కలుగా చేస్తుంది, ఒక్క ముక్క తగ్గినా రీస్టోర్ మధ్యలో ఆగిపోతుంది. పక్కనే ఉండే చెక్‌సమ్ ఫైళ్లను (బ్యాకప్ పాడవలేదని సరిచూసేవి) కూడా వదలొద్దు.

తర్వాత, ఇంకెక్కడా దొరకనివి. స్టాక్ రోమ్ నెట్‌లో దొరుకుతుంది, యాప్స్ ప్లేస్టోర్‌లో దొరుకుతాయి. మీ ఫోన్ ఐఎంఈఐ (గుర్తింపు నంబర్), రేడియో క్యాలిబ్రేషన్, సెన్సర్ క్యాలిబ్రేషన్ మాత్రం మీ ఫోన్‌లోనే ఉన్నాయి. అవి ఉండే పార్టిషన్లు ఇవి: క్వాల్‌కామ్ చిప్ ఉన్న ఫోన్ అయితే మోడెమ్‌ఎస్‌టీ1, మోడెమ్‌ఎస్‌టీ2, ఎఫ్‌ఎస్‌జీ, ఎఫ్‌ఎస్‌సీ, పర్సిస్ట్. మీడియాటెక్ అయితే ఎన్‌వీర్యామ్, ఎన్‌వీడేటా, రెండు ప్రొటెక్ట్ పార్టిషన్లు, పర్సిస్ట్ ఉంటే అదీ. శాంసంగ్‌లో ఈఎఫ్‌ఎస్. /డెవ్/బ్లాక్/బై-నేమ్ ఫోల్డర్‌లో వీటి పేర్లు కనిపిస్తాయి. రూట్ షెల్‌లో (రూట్ అధికారంతో కమాండ్లు కొట్టే చోటు) డీడీ కమాండ్‌తో (పార్టిషన్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేసేది) ఒక్కొక్కదాన్ని ఒక్కో ఇమేజ్ ఫైల్‌గా తీయండి. డీడీలో ఇన్‌పుట్, అవుట్‌పుట్ తారుమారైతే తీయాల్సింది పోయి రాసేస్తారు, ఎంటర్ నొక్కేముందు లైన్ మళ్లీ చదవండి. ఇవన్నీ చిన్న ఇమేజ్‌లే కాబట్టి జాగా లేదన్న సాకు వీటికి చెల్లదు. వీటితో పాటు ప్రస్తుత బిల్డ్ నంబర్‌కి సరిపోయే స్టాక్ బూట్ ఇమేజ్ (ఫోన్ మొదలవడానికి కావలసినది) కూడా పెట్టుకోండి. ఆండ్రాయిడ్ 13తో విడుదలైన ఫోన్లలో మ్యాజిస్క్ ప్యాచ్ చేసేది చాలావరకు ఇనిట్-బూట్ అనే మరో పార్టిషన్‌ని, అప్పుడు అదీ కావాలి.

యూజర్‌డేటా పార్టిషన్‌ని డీడీతో మొత్తంగా తీసుకుంటే ఒక్క దెబ్బతో పని అయిపోతుంది అనుకునేరు. అది ఎన్‌క్రిప్ట్ అయిన గజిబిజి. దాన్ని విప్పే తాళాలు ఫోన్ హార్డ్‌వేర్‌తో ముడిపడి ఉంటాయి, ఫార్మాట్ చేస్తే పోతాయి. 128 జీబీ ఫైల్ మిగులుతుంది, అందులోంచి ఒక్క ఫొటో కూడా రాదు.

ఇక కాపీ చేసిన యాప్ ఎందుకు మూసుకుపోతోందంటే, ప్రతి యాప్‌కి ఇన్‌స్టాల్ అయినప్పుడు ఆండ్రాయిడ్ 10000 పైన ఒక యూజర్ నంబర్ ఇస్తుంది. /డేటా/డేటాలో ఎల్ఎస్ -ఎల్ (ఫైళ్ల జాబితా, వాటి ఓనర్ చూపించే కమాండ్) కొడితే ఓనర్ దగ్గర యూ0_ఏ187 అని కనిపిస్తుంది, అంటే 10187. యాప్ తీసేసి మళ్లీ పెడితే అదే యాప్‌కి 10231 రావొచ్చు. మీరు తిరిగి పెట్టిన ఫైళ్ల ఓనర్ మాత్రం పాత 10187, లేదా రూట్. యాప్ తన డేటాబేస్ తనే తెరవలేక కూలిపోతుంది. మధ్యలో ఎస్‌డీకార్డ్ ఫోల్డర్‌లో పెట్టి ఉంటే మరీ ఘోరం, అక్కడ అసలు ఓనర్, పర్మిషన్లు నిలవవు. అందుకే ఫోల్డర్‌గా కాపీ చేయకుండా టార్ చేయాలి (అన్నిటినీ ఒకే ఆర్కైవ్ ఫైల్‌గా కట్టాలి). టార్ ఫైల్ లోపల ఆ వివరాలన్నీ ఉంటాయి, అది ఎక్కడున్నా ఫర్వాలేదు.

చేత్తో రీస్టోర్ చేయాలంటే: యాప్ ఇన్‌స్టాల్ చేయండి, ఫోర్స్ స్టాప్ చేయండి, ఎస్‌టీఏటీ కమాండ్‌తో దాని కొత్త నంబర్ చూసుకోండి, టార్‌ని విప్పండి, సీహెచ్‌ఓన్ -ఆర్‌తో ఓనర్‌గా కొత్త నంబర్ ఇవ్వండి, చివర్లో రీస్టోర్‌కాన్ (ఎస్‌ఈలినక్స్ అనే భద్రతా వ్యవస్థ ఫైళ్లకి వేసే గుర్తులను సరిచేసే కమాండ్). రీస్టోర్‌కాన్‌కి ఆర్, ఎఫ్‌తో పాటు డీ ఆప్షన్ కూడా ఇవ్వండి, /డేటా/డేటాని కూడా పట్టించుకోమని చెప్పేది అదే. అది మర్చిపోతే ఓనర్ సరిగ్గా ఉన్నా ఎస్‌ఈలినక్స్ అడ్డుకుంటుంది, యాప్ మళ్లీ అలాగే మూసుకుపోతుంది. టార్ తీసేటప్పుడే క్యాష్, కోడ్_క్యాష్ ఫోల్డర్లను మినహాయించండి. వాటికి గ్రూప్ నంబర్ వేరే (20000 పైన) ఉంటుంది, తిరిగి పెట్టి సాధించేదీ లేదు.

ఇదంతా వంద యాప్స్‌కి చేత్తో అయ్యే పని కాదు. నియో బ్యాకప్ (ఓపెన్ సోర్స్, ఎఫ్-డ్రాయిడ్‌లో ఉంది) గానీ స్విఫ్ట్ బ్యాకప్ గానీ వాడండి. ఒక్కటి గమనించండి, యాప్ డేటా ఒకేచోట ఉండదు. /డేటా/యూజర్/0, /డేటా/యూజర్_డీఈ/0, ఇంటర్నల్ స్టోరేజ్‌లోని ఆండ్రాయిడ్ ఫోల్డర్ కింద డేటా, ఓబీబీ (గేమ్‌ల పెద్ద ఫైళ్లు), మీడియా. బ్యాకప్ యాప్‌లో ఇవన్నీ విడివిడి టిక్కులు. గేమ్ రీస్టోర్ చేశాక ఫైళ్లన్నీ మళ్లీ డౌన్‌లోడ్ చేయమంటోందంటే ఓబీబీ లేదా ఎక్స్‌టర్నల్ డేటా టిక్ తప్పిపోయిందన్నమాట.

నీలికలువ:
చాలా థాంక్సండీ, కాపీ చేస్తే ఎందుకు ఆడలేదో ఇప్పుడు అర్థమైంది. బ్యాంక్ యాప్స్, ఓటీపీ ఆథెంటికేటర్, సిగ్నల్, వాట్సాప్ కూడా ఇలాగే వస్తాయా? ఇంకోటి, 5 జీబీ ఖాళీలో నియో బ్యాకప్‌తో ఎలా తీయాలి?

కొండవాగు:
అన్నీ రావు. కొన్ని యాప్స్ తమ డేటాబేస్ తాళాన్ని ఆండ్రాయిడ్ కీస్టోర్‌లో పెడతాయి. ఆ తాళం చిప్‌లోని సురక్షిత భాగానికి కట్టుబడి ఉంటుంది, రూట్‌కి కూడా బయటికి రాదు. ఫార్మాట్ అయ్యాక ఫైళ్లు తిరిగి వస్తాయి, తాళం రాదు. సిగ్నల్‌ని దాని సొంత బ్యాకప్‌తోనే తీయాలి, అది చూపించే పాస్‌ఫ్రేజ్ కాగితం మీద రాసుకోవాలి. ఆథెంటికేటర్‌లో ఉన్నవి ముందే ఎక్స్‌పోర్ట్ చేసి మరో పరికరంలో దింపి, అక్కడి కోడ్‌తో ఒకసారి లాగిన్ అయి చూడండి. బ్యాంక్ యాప్స్‌ని కొత్తగా రిజిస్టర్ చేసుకోవడమే, వాటి బ్యాకప్ మీద టైమ్ పెట్టొద్దు. వాట్సాప్‌కి ఆండ్రాయిడ్/మీడియా కింద ఉన్న దాని ఫోల్డర్ మొత్తం (డేటాబేసెస్‌తో సహా) కంప్యూటర్‌కి కాపీ చేయండి. ఎండ్-టు-ఎండ్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే పాస్‌వర్డో 64 అంకెల కీయో మీ దగ్గర ఉండాలి, లేకపోతే ఆ ఫైల్‌ని ఎవరూ తెరవలేరు.

ఎస్‌ఎంఎస్, కాల్ లాగ్‌లను సిస్టమ్ డేటాబేస్ ఫైల్‌గా కొత్త రోమ్‌లో పెట్టొద్దు. వాటిని ఎక్స్‌పోర్ట్ చేసే యాప్‌తో మామూలు ఫైల్‌గా తీసుకోండి. అలాగే ప్లే సర్వీసెస్, సిస్టమ్ యూఐ, లాంచర్ లాంటి సిస్టమ్ యాప్స్ డేటాని ఒక రోమ్ నుంచి మరో రోమ్‌కి రీస్టోర్ చేయకండి, బూట్‌లూప్‌కి (ఫోన్ తెరుచుకోకుండా పదేపదే రీస్టార్ట్ అవడానికి) అది దగ్గరి దారి. అదే కారణంగా మీ 21 జీబీ టీడబ్ల్యూఆర్‌పీ బ్యాకప్ కొత్త రోమ్ మీద రీస్టోర్ చేయడానికి పనికిరాదు. స్టాక్‌కి తిరిగి వస్తే తప్ప దాని అవసరం లేదు.

జాగా లేనప్పుడు బ్యాకప్‌ని ఫోన్‌లో రాయడమే అక్కర్లేదు. కంప్యూటర్ నుంచి ఏడీబీ (ఫోన్‌కి కమాండ్లు పంపే టూల్) ఎగ్జెక్-అవుట్ వాడి, ఎస్‌యూ -సీ (రూట్‌గా నడిపేది) లోపల టార్‌ని స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి పంపితే నేరుగా హార్డ్ డిస్క్ మీద ఫైల్ అవుతుంది. /డేటా/మీడియా/0 మొత్తం అలా తీయొచ్చు. ఇక్కడ రెండు గోతులున్నాయి. ఏడీబీ షెల్ వాడకండి, అది కొన్ని సందర్భాల్లో లైన్ ముగింపులను మార్చి ఆర్కైవ్‌ని పాడుచేస్తుంది. విండోస్ అయితే పాత పవర్‌షెల్‌లో బాణం గుర్తుతో ఫైల్‌కి పంపకండి, 5.1 వెర్షన్ బైనరీని టెక్స్ట్ అనుకుని ఎన్‌కోడింగ్ మార్చేస్తుంది. మామూలు కమాండ్ ప్రాంప్ట్ వాడండి. అయిపోయాక టార్ -టీఎఫ్‌తో చివరిదాకా లిస్ట్ వస్తోందో లేదో చూడండి. మధ్యలో ఎర్రర్ వస్తే ఆ ఫైల్ బ్యాకప్ కాదు, మళ్లీ తీయాల్సిందే.

నియో బ్యాకప్‌కి మాత్రం ఓటీజీ పెన్‌డ్రైవ్‌నో (ఫోన్‌కి నేరుగా తగిలించేది) ఎస్‌డీ కార్డ్‌నో గమ్యంగా ఇవ్వండి. ఎగ్జ్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసినది అయితే మంచిది. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, పెద్ద గేమ్ దగ్గర ఆగిపోతుంది.

గులకరాయి:
"సిస్టమ్ 26 జీబీ" గురించి. అది తీసేయగలిగేది కాదు. ఫోన్ మీద రాసిన 128 జీబీ అంటే 128 వందకోట్ల బైట్లు, 1024 లెక్కన 119 జీబీ మాత్రమే. సిస్టమ్, వెండర్ లాంటివి ఉండే సూపర్ పార్టిషన్, మిగతా చిన్న పార్టిషన్లు, సెట్టింగ్స్ ఇంకే పద్దులోనూ వేయలేని ఫైళ్లు, చాలావరకు ఆ పేరు కిందే పడతాయి.

సిస్టమ్ యాప్స్ తీసేస్తే జాగా రాదు. అవి ఉండేది సూపర్ పార్టిషన్‌లో, మీకు కావలసిన జాగా /డేటాలో. అక్కడ ఖాళీ అయినంత మాత్రాన ఇక్కడికి రాదు. పైగా ఇప్పటి ఫోన్లలో సిస్టమ్ చాలావరకు ఈఆర్‌ఓఎఫ్‌ఎస్ లేదా బ్లాకులు పంచుకునే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్, రీడ్-రైట్‌గా (మార్పులు రాయగలిగేలా) మౌంట్ కాదు. పీఎం అన్‌ఇన్‌స్టాల్ కమాండ్‌ని యూజర్ 0కి (ఫోన్ మొదటి యూజర్) ఇస్తే ఆ యాప్ డేటా మాత్రం /డేటా నుంచి పోతుంది. మ్యాప్స్, యూట్యూబ్ లాంటి పెద్దవాటికి అదీ కొంత లాభమే.

నిజంగా ఎక్కడ పోతోందో చూడాలంటే రూట్ షెల్‌లో డీయూ కమాండ్‌కి (ఫోల్డర్ల సైజు చూపించేది) ఎక్స్, హెచ్ ఆప్షన్లు, లోతు 1 ఇచ్చి /డేటా మీద నడపండి. పెద్దది కనిపించిన ఫోల్డర్‌లోకి దిగి మళ్లీ అదే. సాధారణంగా దొరికే చోట్లు: /డేటా/ఓటీఏ_ప్యాకేజ్‌లో మిగిలిపోయిన అప్‌డేట్ జిప్, /డేటా/లోకల్/టీఎంపీలో పడి ఉన్న ఏపీకేలు (యాప్ ఇన్‌స్టాల్ ఫైళ్లు), షెల్ యాప్ ఫోల్డర్‌లోని బగ్‌రిపోర్టులు, కెమెరా ఫోల్డర్లలో చుక్క-ట్రాష్డ్ అని పేరు మొదలయ్యే ఫైళ్లు. ఈ చివరివి గ్యాలరీలో చెరిపిన వీడియోలే. ఆండ్రాయిడ్ 11 నుంచి ట్రాష్‌లో పడ్డవి 30 రోజుల దాకా డిస్క్ మీదే ఉంటాయి.

/డేటా/మీడియా కింద 0 పక్కన 10, 999 లాంటి ఫోల్డర్లు కూడా ఉన్నాయేమో చూడండి. 10 అంటే రెండో యూజర్ లేదా వర్క్ ప్రొఫైల్ అయి ఉంటుంది. 999 కొన్ని కంపెనీల డ్యుయల్ యాప్స్‌ది. రెండో వాట్సాప్ మీడియా అంతా అక్కడే ఉంటుంది, ఫైల్ మేనేజర్‌లో కనిపించదు, పైన చెప్పిన /డేటా/మీడియా/0 టార్‌లోకీ రాదు. ఉంటే దానికి వేరే టార్ తీయండి.

డీయూ మొత్తం డీఎఫ్ (పార్టిషన్‌లో ఎంత వాడకంలో ఉందో చెప్పే కమాండ్) చూపించిన దానికంటే బాగా తక్కువగా ఉంటే, చెరిపేసినా ఏదో ప్రాసెస్ ఇంకా తెరిచి ఉంచిన ఫైళ్లు ఉండొచ్చు. రీస్టార్ట్ చేస్తే ఆ జాగా వచ్చేస్తుంది. డాల్విక్ క్యాష్ (యాప్స్ వేగంగా నడవడానికి ఆండ్రాయిడ్ తయారుచేసుకునేది) చెరపడం వృథా, మళ్లీ అంతే తయారవుతుంది. ఈలోపు యాప్స్ నెమ్మదిస్తాయి.

ఎస్‌డీ కార్డ్‌ని "ఇంటర్నల్ స్టోరేజ్‌గా" మార్చి వాడుతుంటే దాన్ని కూడా ఖాళీ చేసుకోండి. ఆ కార్డ్ తాళం /డేటా/మిస్క్/వోల్డ్‌లో ఉంటుంది, ఫార్మాట్ డేటాతో పోతుంది. ఆ తర్వాత కార్డ్ మీద అన్నీ ఉంటాయి, ఏదీ తెరుచుకోదు.

మబ్బుతెర:
ఒక చిట్కా. టీడబ్ల్యూఆర్‌పీ రీస్టోర్ తర్వాత స్క్రీన్ లాక్ పిన్ తీసుకోకపోతే /డేటా/సిస్టమ్‌లో లాక్‌సెట్టింగ్స్ ఫైళ్లు చెరిపేస్తే సరి.

కొండవాగు:
మబ్బుతెర గారూ, అది పాత ఫోన్ల మాట. ఫైల్ ఆధారిత ఎన్‌క్రిప్షన్ ఉన్న ఫోన్లలో (ఆండ్రాయిడ్ 10తో, ఆ తర్వాత విడుదలైనవన్నీ) దయచేసి ఎవరూ చేయొద్దు. అక్కడ పిన్ తెర తెరవడానికి మాత్రమే కాదు, యూజర్ ఫైళ్ల తాళాన్ని విప్పడానికి కూడా అదే కావాలి. లాక్‌సెట్టింగ్స్ డేటాబేస్, ఎస్‌పీబ్లాబ్ ఫోల్డర్ పోతే పిన్ సరిగ్గా గుర్తున్నా ఫొటోలు తిరిగి రావు.

చేయాల్సింది బ్యాకప్‌కి ముందే పిన్, ప్యాటర్న్ తీసేయడం. అప్పుడు టీడబ్ల్యూఆర్‌పీకి డిక్రిప్ట్ చేయడమూ సులువు. అయితే క్రమం ముఖ్యం. స్క్రీన్ లాక్ తీసేస్తే వేలిముద్రలు పోతాయి, లాక్‌కి కట్టిన కీస్టోర్ తాళాలు శాశ్వతంగా చెల్లకుండా పోతాయి. కాబట్టి ఆథెంటికేటర్, సిగ్నల్ ఎక్స్‌పోర్ట్ ముందు, లాక్ తీయడం తర్వాత.

నీలికలువ:
/డేటా/మీడియా కింద 999 ఉంది! అందులో 9 జీబీ. దానికి టార్ నడుస్తోంది. చివరి సందేహం: తీసి పెట్టుకున్న పర్సిస్ట్, మోడెమ్‌ఎస్‌టీ ఇమేజ్‌లను కొత్త రోమ్ వేశాక తిరిగి ఫ్లాష్ చేయాలా?

వెన్నెలదారి:
వద్దండీ. రోమ్ మార్చినంత మాత్రాన అవి మారవు, వాటిని ముట్టుకోకుండా ఉండటమే మంచిది. కొత్త రోమ్‌లో స్టార్-హ్యాష్-06-హ్యాష్ కొట్టి ఐఎంఈఐ చూడండి, సిమ్ సిగ్నల్, వేలిముద్ర, స్క్రీన్ తిరగడం, కాల్‌లో చెవి దగ్గర తెర ఆరడం చూడండి. అన్నీ పనిచేస్తే ఆ ఇమేజ్‌లు హార్డ్ డిస్క్‌లోనే ఉండనివ్వండి. ఐఎంఈఐ సున్నాలుగానో ఖాళీగానో వస్తే మోడెమ్‌కి సంబంధించినవన్నీ కలిపి ఒకేసారి రాయాలి, ఒకటి రాసి ఒకటి వదిలేయకూడదు. సెన్సర్లు మాత్రమే ఆడకపోతే ముందు రోమ్‌కి సరిపోయే ఫర్మ్‌వేర్ వేశారో లేదో చూడండి, ఆ తర్వాతే పర్సిస్ట్. అదే మోడల్ అయినా వేరేవాళ్ల ఫోన్ నుంచి తీసిన ఇమేజ్‌లు ఎవరు ఇచ్చినా వేయకండి.