అప్‌డేట్: నాన్న లూనా మళ్లీ రోడ్డెక్కింది

ఏళ్లుగా షెడ్డులో ఉన్న నాన్న లూనా మోపెడ్ స్టార్ట్ అవుతోంది కానీ యాక్సిలరేటర్ తిప్పగానే ఆగిపోతోందని అడిగాను కదా. కార్బ్యురేటర్ (పెట్రోలు, గాలి కలిపే భాగం), పాయింట్లు (స్పార్క్ ఇప్పించేవి), సైలెన్సర్ చూడమన్నారు. అందరికీ పేరుపేరునా థాంక్స్.

కార్బ్యురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం, అదే జెట్, దాని నిండా పాత పెట్రోలు జిగురు పేరుకుపోయి ఉంది. అది కడిగినా సమస్య సగమే తీరింది. అసలు సంగతి మాగ్నెటో (స్పార్క్‌కి కరెంటు పుట్టించే భాగం) వైపు ఆయిల్ సీల్‌లో, అంటే షాఫ్ట్ చుట్టూ ఉండే రబ్బరు రింగులో ఉంది. హనుమకొండలో ఒక పెద్దాయన, లూనాలు కొత్తగా వచ్చినప్పటి నుంచీ చేయి తిరిగిన మెకానిక్, మాగ్నెటో దగ్గర తిరిగే చక్రం (ఫ్లైవీల్) విప్పి చూపించారు. రబ్బరు ఎండి అప్పడంలా పెళుసెక్కింది. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పెట్రోలు, గాలి ముందు క్రాంక్‌కేసులోకే (క్రాంక్ షాఫ్ట్ తిరిగే గదిలోకే) వెళ్తాయి. అక్కడ సీల్ పోతే బయటి గాలి కూడా దూరి మిశ్రమం పలచబడుతుంది, ఇంజిన్ నిలబడదు. పాత సీల్ మీదున్న సైజు చూపిస్తే బేరింగుల షాపులో కొత్తది దొరికింది.

టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్) కలిపిన పెట్రోలు పోసి పెడల్ తొక్కగానే అందుకుంది. ఆ నీలి పొగ వాసనకే ఇంటర్ రోజులు కళ్ల ముందు తిరిగాయి. డబుల్స్‌లో ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కాలంటే పెడల్ తొక్కి సాయం చేయాల్సిందే. పెట్రోలు అయిపోతే కాజీపేట దాకా సైకిల్‌లా తొక్కుకుంటూ వెళ్లేవాళ్లం. ఎంత సంతోషమో ఆ రోజులు!

స్పీడోమీటర్ కేబుల్ ఒక్కటే మిగిలింది. వరంగల్‌లో గానీ కరీంనగర్‌లో గానీ ఎక్కడైనా దొరికితే చెప్పండన్నా.