భీమ్‌థడి పోనీని సిటీవాళ్లు కొంటే జాతికి మేలా, కీడా?

మొయినాబాద్_ఆదివారం:
మా పిల్లలు మొయినాబాద్ వైపు గుర్రపు స్వారీ నేర్చుకుంటున్నారు. అక్కడున్నవి ఎక్కువగా రేసుల నుంచి దించేసిన థారోబ్రెడ్లు. తొమ్మిదేళ్ల పిల్ల వాటి వీపు మీదికి చేరాలంటే స్టూలు వెయ్యాలి. పోనీ, అంటే పొట్టి రకం గుర్రం ఏదైనా ఉందా అని వెతుకుతుంటే భీమ్‌థడి గురించి తెలిసింది. పుణె వైపు భీమా నది లోయలో పుట్టిన జాతి. థడి అంటే మరాఠీలో నది ఒడ్డట. దక్కనీ గుర్రం అని కూడా అంటారు. మరాఠా సైన్యాల్లో పనిచేసింది. ఇప్పుడు ధన్‌గర్ గొర్రెల కాపరులు వలస వెళ్లేటప్పుడు సామాన్లు మోస్తోంది.

నాలుగు కుటుంబాలం కలిసి రెండు ఆడగుర్రాలు తెచ్చుకుందామనుకున్నాం. మా బావమరిది మాత్రం "వాళ్ల దగ్గర ఉన్నవి మీరు లాక్కొస్తే అక్కడేం మిగులుతుంది?" అని మొహం మీదే అనేశాడు. నా లెక్క వేరు. గిరాకీ ఉంటేనే ఎవరైనా పెంచుతారు. 2012 పశుగణనలో దేశంలో 6.2 లక్షల పైన ఉన్న గుర్రాలు, పోనీలు 2019కల్లా 3.4 లక్షలకు పడిపోయాయి. కొనేవాళ్లు లేకపోతే ఇంకేం మిగులుతాయి? మీరేమంటారు?

నాంపల్లి_జట్కా:
మా నాయన జట్కా తోలేవాడు. గుర్రం లేకుండా పోయింది ఎవరూ కొనకపోయి కాదు తమ్మీ, ఆటో వచ్చి. పని పోయింది, గుర్రం పోయింది. ఇప్పుడు బరాత్ గుర్రాలున్నాయి కదా అంటారు. బ్యాండు మోతలో, పటాకుల మధ్య నిలబడే బతుకును నేను పని అనను. మీరు కొనండి, ఎవరొద్దన్నారు. కానీ పిల్ల పదో తరగతికొచ్చి ట్యూషన్లు మొదలయ్యాక దాన్ని ఎవరు చూస్తారు? గుర్రం పాతికేళ్లు బతుకుతుంది. గుడ్డిదైనా దాణాకు తక్కువుండదని ఊరికే అనలేదు పెద్దలు.

పాతశాసనాలు:
అసలు "మన జాతి" అన్న మాట దగ్గరే నాకు తేడాగా ఉంది. ఇది స్థానిక పోనీల్ని అరబ్బీ, తుర్కీ గుర్రాలతో కలపగా వచ్చింది. దక్కన్ రాజులందరూ సముద్రం దాటొచ్చిన గుర్రాల కోసం ఎగబడినవాళ్లే. విజయనగరం గురించి రాసిన పోర్చుగీసు నూనిజ్, రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడన్నాడు. ఇంత కలగాపులగంలో ఏది శుద్ధమని కాపాడతారు?

గొర్లమంద_మనవడు:
అన్నా, ఆ లెక్కలో పర్షియా వైపు హొర్ముజ్ రేవు నుంచి వచ్చిన గుర్రాలతో పాటు ఇక్కడ పుట్టినవి కూడా ఉన్నాయి, ఆ ముక్క వదిలేశావు. కలిసి పుట్టిందే కావచ్చు. ఆ తర్వాత వందల ఏళ్లు రాళ్ల నేల మీద, ఎండుగడ్డి తిని, కొండలెక్కి దిగి నిలబడినవే మిగిలాయి. జాతిని చేసింది ఆ నడక. అందుకే కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో దీన్ని వేరే జాతిగా నమోదు చేసింది. ఇక "మనది" అంటారా, భీమా వచ్చి కృష్ణలో కలిసేది మన నారాయణపేట పొలిమేరలోనే.

మాది పాలమూరు. మా తాత మంద వెంట వలస పోయేటప్పుడు సామాను గాడిద మోసేది. ధన్‌గర్లకు ఆ పని గుర్రానిది. వానలు వెనకబట్టాక కొంకణం వైపు దిగి, మళ్లీ వానలకు ముందు పైకొస్తారు. వంట గిన్నెలు, కోళ్లు, దారిలో ఈనిన గొర్రెపిల్లలు, అన్నీ దాని వీపు మీదే. సిటీ నుంచి మంచి ధరతో మనుషులొస్తే వాళ్లు అమ్మేది ముందు మంచి ఆడగుర్రాన్నే. ఆ ఏడు సామానుకి టెంపో మాట్లాడుకుంటారు. ఒకసారి టెంపో అలవాటైతే గుర్రం దగ్గరికి మళ్లీ రారు. నా గొడవ అక్కడే. మీరు తీసుకొచ్చే రెండు గుర్రాల గురించి కాదు.

మొయినాబాద్_ఆదివారం:
అంటే వాళ్లు ఎప్పటికీ నడుస్తూనే ఉండాలా, మన ముచ్చట కోసం? వాళ్ల పిల్లలకు బడి వద్దా?

గొర్లమంద_మనవడు:
ఆ మాట నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు. నేనూ మంద వదిలేసి గచ్చిబౌలిలో ఉద్యోగం చేసుకుంటున్నవాణ్నే.

పశువైద్యం_మూడో_ఏడు:
మణిపూర్ పోనీ సంగతి చూడండి. దానికి పోలో అనే పని ఇప్పటికీ ఉంది, అభిమానం కూడా తక్కువేం లేదు. అయినా ఇంఫాల్ చుట్టూ చిత్తడి గడ్డి నేలలు కుంచించుకుపోయి రోడ్ల మీద చెత్త తింటోంది. కాబట్టి పని ఒక్కటే చాలదు, మేత నేల ఉండాలి.

మొయినాబాద్ అన్నయ్యా, మీకు వేరే భయం చెప్తాను. తక్కువ మేతతో బతకడానికి అలవాటైన పోనీని తెచ్చి, ప్రేమగా రోజూ దాణా, బెల్లం పెడితే గిట్టల లోపల వాపు వస్తుంది. నిలబడలేదు. ముద్దు చేసి పాడుచేసిన పోనీలు చాలా ఉంటాయి. గుర్రానికి వాంతి కాదు, పైకి పోయే దారే లేదు, అందుకే కడుపునొప్పి ప్రాణం మీదికొస్తుంది. కొనే ముందు గ్లాండర్స్ అనే అంటురోగం పరీక్ష చేయించండి. అది మనుషులకీ అంటుతుంది, ఉందని తేలితే గుర్రాన్ని చంపేయాల్సిందే. ఇంకొకటి, ఎక్కేవాళ్ల బరువు జీనుతో కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదు. 250 కిలోల పోనీకి 50 కిలోలు. పిల్లలకి సరే. నాన్నలు ఫొటో కోసం ఎక్కొద్దు.

నాంపల్లి_జట్కా:
ఉలవలు నానబెట్టి, ఉడికించి, అదీ పని చేసిన రోజే. మా నాయన అంతే పెట్టేవాడు.

పాతశాసనాలు:
శుద్ధం మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ షోకులకి కొనేవాళ్లు ముందు అడిగేది ఎత్తు. ఎత్తు కోసం రాజస్థాన్ మార్వారీ గుర్రంతో కలిపి, పేరు మాత్రం భీమ్‌థడి అని అమ్ముతారు. మన పుంగనూరు ఆవు చూడండి. అందరూ పొట్టిది కావాలని ఎగబడ్డాక, పొట్టిగా ఉన్న ప్రతి ఆవూ పుంగనూరే అయిపోయింది.

గొర్లమంద_మనవడు:
ఇది మాత్రం వంద శాతం. అన్నా, పిల్లల స్వారీకే అయితే ఆడగుర్రమే ఎందుకు? కడుపుతో పదకొండు నెలలు, కాన్పుకి ఒక్క పిల్ల. ఒక్కో ఆడగుర్రం వాళ్లకు ఎంత విలువో లెక్కెయ్యండి. మందలో మగవి ఎక్కువైనప్పుడు విత్తు కొట్టించినదాన్ని తీసుకోండి. నెమ్మదిగా ఉంటుంది, పిల్లలకూ భయం ఉండదు. వాళ్లకు డబ్బు వస్తుంది, ఆడవి వాళ్ల దగ్గరే ఉంటాయి.

మొయినాబాద్_ఆదివారం:
ఇది నాకు తట్టనే లేదు. సరే, రెండు ఆడగుర్రాల మాట రద్దు. విత్తు కొట్టిన మగది ఒకటి చూస్తాం. అందరం కలిసి మందల దగ్గరికే వెళ్లి, వాళ్లు ఏం పెడుతున్నారో, ఎలా కట్టేస్తున్నారో కళ్లతో చూసి వస్తాం. దళారీ దగ్గర కొనం.

పశువైద్యం_మూడో_ఏడు:
ఒక్కటా? మందలో పెరిగిన గుర్రం ఒంటరిగా బెంగ పెట్టుకుంటుంది. రెండోది కుదరకపోతే కనీసం మేకనైనా తోడు పెట్టండి.

మొయినాబాద్_ఆదివారం:
గుర్రం సంగతి మూడు ఇళ్లలో ఒప్పించడానికే నెల పట్టింది. మేక సంగతి మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.