ఈ వారం సమస్య: మాంసమునకుఁ బన్ను మంచిదగును

నిర్వాహకుడు (నల్లగొండ): ఆటవెలదిలో చివరి పాదం ఇస్తున్నాను. మిగతా మూడూ మీవి.

మాంసమునకుఁ బన్ను మంచిదగును

ఇది ఎక్కడ దొరికిందో చెప్తాను. ఆదివారం పొద్దున రామగిరిలో మటన్ దుకాణం ముందు నిలబడ్డాం. నా ముందున్నాయన ఫోన్‌లో వార్త పైకి చదువుతున్నాడు, ఏదో దేశంలో మాంసం మీద పన్నంట అని. మొద్దు మీద కత్తి ఆగింది. "ఉన్న రేటు చెప్పేందుకే నాకు నోరు రావట్లేదు, మళ్లీ పన్నా?" అన్నాడు కొట్టే ఆయన. పక్కనున్న ముసలాయన "పన్నుంటే గదా తినేది" అని బోసినోరు తెరిచి చూపించాడు. సమస్య సగం ఆయనే ఇచ్చేశాడు. గడువు శనివారం రాత్రి.

మిర్యాలగూడ అక్క: ఆ ముసలాయనకే నా పూరణ.

తాత నోట నొక్క దంతమ్ము మిగిలెను
బొక్క నమలలేక పొగిలి యేడ్చె
కాసులిచ్చి పండ్లు గట్టించుకొమ్మంటి
మాంసమునకుఁ బన్ను మంచిదగును

సూర్యాపేట మాస్టారు: అమ్మా, రెండో పాదం నాకు నోరూరించింది. బొ-పొ యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ జోడీ) చక్కగా కుదిరింది, ఎముకకు 'బొక్క' మన మాట. మూడో పాదంలోనే పేచీ. అక్కడ 'పండ్లు' అని బహువచనం పెట్టి, కిందికి రాగానే ఒక్క పన్నుతో సరిపెట్టావు. 'కాసులిచ్చి యొకటి గట్టించుకొమ్మంటి' అను. గణాలు చెడవు, తాతకు ఖర్చూ తగ్గుతుంది.

మిర్యాలగూడ అక్క: మార్చాను మాస్టారూ. దవాఖానలో ఒకటి కట్టించడానికే ఎంత అడిగారో రాయాలంటే సీసమాలిక కావాలి.

దేవరకొండ అన్న: నేను శ్లేష జోలికి, రెండర్థాల జోలికి పోలేదు. నిజం పన్ను మీదే రాశాను.

ఆవు తేన్పు తోడ నవని వేడెక్కును
టన్నుకింత యనుచుఁ బన్ను వేసె
టెక్కు వీడి నేడు డెన్మార్కు దేశమ్ము
మాంసమునకుఁ బన్ను మంచిదగును

సూర్యాపేట మాస్టారు: టన్ను-పన్ను అని రెండో అక్షరం కలిపిన ప్రాసయతికి శాలువా కప్పవచ్చు. కానీ 'టెక్కు వీడి' ఎందుకు నాయనా? ఆ టెక్కు డెన్మార్కుది కాదు, నీ యతిది. 'డె'కు జోడీ కోసం పట్టుకొచ్చావు.

నిర్వాహకుడు: విషయంలోనూ చిన్న మెలిక ఉంది. 2024లో అక్కడ ఒప్పందమైంది పశువుల నుంచి వచ్చే వాయువుల మీద పన్ను. 2030 నుంచి టన్నుకు 300 క్రోనర్లు, 2035కల్లా 750. రైతుకు 60 శాతం మినహాయింపు ఉంది కాబట్టి చేతి నుంచి పడేది 120, ఆ తర్వాత 300. కట్టేది ఆవులూ పందులూ పెంచేవాడు, ముక్క కొనేవాడు కాదు. తినేవాడి మీద పడేది కావాలంటే జర్మనీని పట్టుకోవాలి. మాంసం మీద 7 శాతం ఉన్న వ్యాట్‌ను 19 చేయాలని 2019లో అక్కడ మాట లేచింది. మాట దగ్గరే ఆగింది.

దేవరకొండ అన్న: అంటే నా నాలుగో పాదం అబద్ధమా!

నిర్వాహకుడు: పద్యంలో చెల్లుతుంది. పరీక్షలో రాయకు.

నారాయణపేట తమ్ముడు: మా తాత మందతో బయలుదేరితే నెలల తరబడి ఇంటికి వచ్చేవాడు కాదు, భుజాన గొంగడి, చేతిలో కర్ర. ఆయన తరఫున:

గొల్ల కురుమ బతుకు గొర్రె మందల మీద
గడచు పాలమూరు గట్ల వెంట
ఏమి దెలిసి యనిరొ యేసీల చలువలో
మాంసమునకుఁ బన్ను మంచిదగును

2019 పశుగణనలో గొర్రెల లెక్కకు తెలంగాణదే మొదటి స్థానం, దాదాపు 1.9 కోట్లు. 2017లో సర్కారే 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచింది. ఒక చేత్తో మంద ఇచ్చి ఇంకో చేత్తో పన్ను అడిగితే దాన్నేమనాలి?

దేవరకొండ అన్న: ఎవరూ అడగలేదు తమ్మీ. కొట్టి ఇచ్చే పచ్చి మాంసానికి ఇక్కడ జీఎస్టీయే లేదు. గడ్డకట్టించి ప్యాక్ చేసి లేబుల్ అంటిస్తేనే 5 శాతం, అది 2022 జులై 18 నుంచి. పైగా ఊరికే కోప్పడితే ఎట్లా? మనుషుల వల్ల గాలిలో కలిసే వేడి వాయువుల్లో 14.5 శాతం పశుపోషణ నుంచే అని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థే 2013లో లెక్క కట్టింది.

నారాయణపేట తమ్ముడు: ఆ లెక్కలో దాణా మేసి కొట్టంలో పెరిగే ఆవూ, మా బీడులో గడ్డిపరకలు ఏరుకునే గొర్రే ఒకటేనా అన్నా? మేసినందుకు పుల్లరి గుంజిన కథలు మేం విన్నవాళ్లమే. ఇప్పుడు తేన్చినందుకా?

సూర్యాపేట మాస్టారు: ఇద్దరూ కాస్త ఆగండి. మా పెద్దగట్టు జాతర రెండేళ్లకోసారి వస్తుంది. ఒకే గుట్ట మీద లింగమంతుల స్వామికి శాకాహార నైవేద్యం, చౌడమ్మకు యాటపోతు. ఎవరి ముద్ద వాళ్లది, ఇన్నేళ్లలో ఒకరి మీద ఒకరు పన్ను వేసుకోలేదు. ఇక పద్యం: 'యేసీల చలువలో' నాకు నచ్చింది. 'ఏసీ' వ్యాకరణ దోషం కాదా అని ఎవరూ అడగకండి, ఈ ఎండల్లో నేను ఒప్పుకోను. కాకపోతే అన్నది ఎవరో చెప్పలేదు, కర్త లేడు.

నారాయణపేట తమ్ముడు: కర్త ఎవరో తెలిస్తే ఇంటికే పోయి అడిగేవాణ్ని సార్.

అచ్చంపేట పిన్ని: పన్నుకు మూడో అర్థం ఎవరికీ తట్టలేదు! ఉరి పన్నడం.

ఇల్లు దాటఁ బోకు మీరేయి కుందేల!
కలుగులోన నుండఁ గలుగు మేలు
వేటగాడు నక్కి వెదురుపొదల నురి
మాంసమునకుఁ బన్ను; మంచిదగును

సూర్యాపేట మాస్టారు: తల్లీ, రెండో పాదంలో రెండు కలుగులు! ఒకటి కుందేలు దూరేది, ఒకటి మేలు కలిగేది. నాలుగో పాదాన్ని మధ్యలో విరవడం అసలైన అవధాని ఎత్తు. ఒక్క వెలితి ఉంది. 'మేలు' అన్నాక మళ్లీ 'మంచిదగును' పునరుక్తి, పాదం నింపడానికే మిగిలింది. అయినా ఈ వారం నా ఓటు దీనికే. కుందేలు వేట నేరమని 1972 వన్యప్రాణి చట్టం ఉంది కనుక వేటగాడి పేరు అడగను.

మక్తల్ కుర్రోడు: నేను కొత్త. ఒక్క పాదమే వచ్చింది. "యాట కూర లేని దావతు దండగ". ఎట్లుంది?

సూర్యాపేట మాస్టారు: గణాలు సరే, యా-దా యతి చెల్లదు. 'దావతన్న యాట తలకాయ యుండాలె' అని తిప్పు. దా-త కుదురుతుంది. మిగతావి నువ్వే రాయాలి.

మక్తల్ కుర్రోడు: రాత్రంతా కూర్చున్నా సార్.

దావతన్న యాట తలకాయ యుండాలె
బిల్లుఁ జూడ గుండె జల్లుమనియె
పప్పు తినెడి మామ పండ్లికిలించెను
మాంసమునకుఁ బన్ను మంచిదగును

సూర్యాపేట మాస్టారు: ఒరేయ్! నోట్లో పండ్లూ వచ్చాయి, బిల్లులో పన్నూ వచ్చింది. నా ఓటు వెనక్కి తీసుకుంటున్నాను, పిన్ని గారు మన్నించాలి. కానీ హోటల్ బిల్లులో ఆ 5 శాతం మీ మామ పప్పుకూ పడుతుంది కదా, ఆయనెందుకు నవ్వినట్టు?

మక్తల్ కుర్రోడు: బిల్లు కట్టింది నేను సార్.