అప్‌డేట్: తెలుగులో వినే మనిషి దొరికారు

అమ్మ పోయాక నాకు నిద్ర కరువైందని, హైదరాబాద్‌లో నాకు తగిన కౌన్సెలర్‌ను ఎలా వెతుక్కోవాలో చెప్పమని రెండు నెలల కిందట అడిగాను. సలహా ఇచ్చిన వారందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు.

మీరు చెప్పినట్టే ముందుగా 14416కు ఫోన్ చేశాను. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. వారు ఓపిగ్గా విని, ఎవరినైనా నేరుగా కలవమన్నారు.

తొలిసారి వెళ్లిన చోటు నాకు సరిపడలేదు. అమ్మ చివరి రోజుల గురించి చెబుతుంటే మధ్యలో ఆపి ఇంగ్లీషులో చెప్పమన్నారు. ఆ మాటలు నాకు ఇంగ్లీషులో రావు. రెండుసార్లు వెళ్లి మానేశాను. లోపం నాలోనే ఉందేమోనని చాలా రోజులు కుమిలిపోయాను.

ఈసారి ఒక క్లినికల్ సైకాలజిస్టును అపాయింట్‌మెంట్‌కు ముందే అన్నీ అడిగాను: తెలుగులో మాట్లాడతారా, ఆత్మీయులను పోగొట్టుకున్న వారితో పనిచేసిన అనుభవం ఉందా, ఫీజు ఎంత, భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ)లో నమోదయ్యారా. క్లినికల్ సైకాలజిస్టులకు ఆ నమోదు తప్పనిసరి కాబట్టి, అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. ఆవిడ కూడా నొచ్చుకోకుండా తన నమోదు నంబరు చెప్పారు.

ఇప్పటికి నాలుగుసార్లు కలిశాను. తాను మందులు రాయలేనని, నిద్ర ఇంకా కుదుటపడకపోతే సైకియాట్రిస్టును కూడా కలవాలని, అందుకు ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రికైనా వెళ్లవచ్చని ఆవిడే చెప్పారు. మొన్న గురువారం, అమ్మ పోయాక మొదటిసారి, తెల్లవారేదాకా నిద్రపోయాను.